పడమటి తలుపు, పదకొండు బర్రెలు

జహనుమా,
నవంబర్ 6

మహారాజశ్రీ చర్చి కట్టించే కమిటీ సెక్రటరీ అమ్మగారి సముఖానికి,

మీ స్థలం వెనక గల్లీలో బర్రెల షెడ్డు నడుపుకునే పెంటయ్య నమస్కరించి చేసుకునే విన్నపం ఏమనగా,

నిన్న తెల్లారుజామున మీ స్థలంలో గడ్డం ఆయన ఒకరు నల్లటి పొడుగు అంగీ వేసుకుని నిలబడ్డాడు. సూర్యుడు ఎక్కడ పొడుస్తాడా అని చూసి, అటువైపు తాడు లాగి గుర్తులు పెట్టుకున్నాడు. చాయ్ హోటల్ భాయ్ ఆ గడ్డానికి మర్యాద ఇచ్చి "సలామలేకుం హజ్రత్" అన్నాడు. ఆయన కూడా నవ్వి "వాలేకుం సలాం" అని చాయ్ తాగాడు. తాగిన తర్వాత వెళ్లి నేలలో కర్ర సిలువ పాతి దాని ముందు మోకరిల్లాడు. హోటల్ భాయ్ ఇంకా తేరుకోలేదు. మధ్యాహ్నానికి గల్లీలో మూడు రకాల కథలు పుట్టాయి. నాకు కథలు పడవు. అసలు సంగతి అడిగి తెలుసుకోవాలి. మీరు ఏ రకం చర్చి వాళ్లు? ఆ గడ్డం ఏమిటి? సూర్యుడితో మీకు పనేమిటి?

ఫోన్ చేసి అడగొచ్చు కదా అంటారేమో. మా షెడ్డు వెనకున్న రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఒక పెద్దసారు నా భుజం మీద చెయ్యేసి "నీ షెడ్డు జోలికి రాం పెంటయ్యా" అన్నాడు. నెల తిరగకముందే సగం షెడ్డు పోయింది. ఆ రోజు నుంచి ఎవరితో ఏ మాటైనా నాకు కాగితం మీదే. మీరూ కాగితం మీదే జవాబు ఇవ్వగలరు.

ఇక అసలు విన్నపం. మీ స్థలానికి తూర్పున మెయిన్ రోడ్డు ఉంది, పడమర మా గల్లీ ఉంది. కాబట్టి మీ ముఖం రోడ్డు వైపు, మీ వెనక గోడ నా గేటు వైపు వస్తాయి. ఆ గోడకు మధ్యాహ్నం నుంచి ఎండ దండిగా పడుతుంది. దానికి పిడకలు కొట్టుకోవడానికి అనుమతి దయచేయగలరు.

ఇట్లు,
మీ వెనకింటి పెంటయ్య

తా.క.: ఎల్లమ్మ, అంటే నా భార్య, పక్కన నిలబడి ఉన్నది ఉన్నట్టు రాయమంటోంది: "అమ్మా, గోడ లేచేదాంక ఆగుడెందుకని మీ ఇటికల కుప్పకు నలభై పిడకలు కొట్టిన. ఎండినంక తీస్కుంట. ఫికర్ చెయ్యకుండ్రి."

*

బహదూర్‌పురా,
నవంబర్ 11

పెంటయ్య గారికి,

నమస్కారం. మీ ఉత్తరం కమిటీ మీటింగులో చదివి వినిపించాను. పిడకల దగ్గరికి వచ్చేసరికి మా అధ్యక్షులు నిఖిలేష్ గారు కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చదవమన్నారు. మళ్లీ చదివాను. పిడకలు అక్కడే ఉన్నాయి.

మీ ప్రశ్నలకు వరసగా జవాబులు. మేం ఆర్థడాక్స్ క్రైస్తవులం. పూర్వం నుంచి వచ్చిన పద్ధతుల్ని మార్చకుండా పట్టుకుని కూర్చున్నవాళ్లం అనుకోండి. ఆ గడ్డం మా ఫాదర్ గారిది, అది కూడా పద్ధతిలో భాగమే. మొత్తం ఇరవై ఆరు కుటుంబాలం. పదకొండేళ్లలో మమ్మల్ని మూడు చోట్ల ఖాళీ చేయించారు. ఒకచోట సాంబ్రాణి పొగ గిట్టలేదు, ఇంకోచోట గంట గిట్టలేదు. మూడోచోట ఏది గిట్టలేదో చెప్పకుండానే తాళం మార్చేశారు. ఇప్పుడు ఒక టైర్ల షాపు పైన ప్రార్థన చేసుకుంటున్నాం. కింద సుత్తి, పైన పాట. ఇప్పుడు మీ పక్కన కట్టుకునేది అరవైమంది నిలబడితే నిండిపోయే మందిరం. చిన్నదే అయినా మాది అని చెప్పుకోగలం. పునాది తవ్వుతుంటే చూసి నేను ఏడ్చాను, దాచుకోవడమెందుకు.

నేను ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరైన టీచర్ని కాబట్టి మీ లెక్కలో ఒక తప్పు చూపించక తప్పదు. మేం తూర్పుకు తిరిగి ప్రార్థిస్తాం. అందుకే బలిపీఠం తూర్పు వైపు ఉంటుంది, తలుపు పడమర వైపు ఉంటుంది. ఫాదర్ గారు సూర్యుణ్ణి చూసుకున్నది అందుకే. అంటే రోడ్డు వైపు వచ్చేదే మా వెనక గోడ. మీ గేటుకు ఎదురుగా వచ్చేది మా సింహద్వారం.

కాబట్టి పిడకలు కుదరవు. మీ పేడకుప్పను కూడా నాలుగు గజాలు అవతలికి జరిపించాలని మనవి.

ఇట్లు,
షారోన్, సెక్రటరీ

తా.క.: ఇటుకల మీద ముప్పై తొమ్మిది పిడకలే ఉన్నాయి. నలభయ్యో దానితో మా మేస్త్రీ చలికి చాయ్ కాచుకున్నాడట. ఎల్లమ్మ గారికి క్షమాపణ చెప్పమన్నాడు.

*

జహనుమా,
ఫిబ్రవరి 3

సెక్రటరీ అమ్మగారికి,

పెంటయ్య నమస్కరించి రాసేది. మీ జవాబు అందిన దగ్గర్నుంచి మూడు ఉత్తరాలు రాసి చించేశాను. ఇది నాలుగోది.

ఊళ్లో ఎవడైనా రోడ్డు మీద మూరెడు ముఖం దొరికితే చాలని తలలు పగలగొట్టుకుంటాడు. మీరు వంద అడుగుల రోడ్డుకు వీపు పెట్టి పది అడుగుల గల్లీలోకి తలుపు తెరిచారు. ఇందులో ఏదో మతలబు ఉంది అనుకున్నాను. అదేమిటో మొన్న తెలిసింది. సాయంత్రం నాలుగింటికి నా పదకొండు బర్రెలు నీళ్లు తాగి వస్తున్నాయి. అదే సమయానికి మీ నిఖిలేష్ సారు గల్లీలోకి కారు తెచ్చాడు. కారు మధ్యలో నిలిచింది, బర్రెలు చుట్టూ నిలిచాయి. మా పెద్ద బర్రె కారు అద్దానికి వీపు గోక్కుంది. అద్దం మడత పడింది. సారు కిటికీ సందులోంచి "రేపు బిషప్ గారిని ఈ కంపులోంచి నడిపించాలా? ప్రతిష్ఠ కానివ్వండి, మీ సంగతి చూస్తాం" అన్నాడు. డెయిరీని ఊరి బయటికి పంపించమని మీవాళ్లు సంతకాలు కూడా తీస్తున్నారట. చాయ్ హోటల్ భాయ్‌నే సంతకం అడిగారు. ఆయన పెన్నులో సిరా లేదన్నాడు. పెన్ను వాళ్లదే.

అమ్మా, ఇది మా తాత వేసిన షెడ్డు. ఈ గల్లీలో మూడు తరాల పిల్లలు మా పాలు తాగి పెరిగారు. నాకు ఇంకో పని రాదు. ఈ వయసులో ఊరి బయట కొత్త గేటు పెట్టుకుని కూర్చుంటే పాలకు ఎవరు వస్తారు? నాకు భయంగా ఉంది. బర్రెలను వెళ్లగొట్టం అని కమిటీ తరఫున ఒక్క కాగితం రాసివ్వండి, చాలు.

ఇంకొక సంగతి. బలిపీఠం లోపల ఎవరిదో ఎముక పెడతారని మేస్త్రీ చెప్పాడు. చర్చి అని చెప్పి సమాధి కడుతున్నారా? సమాధి ఎదురుగా పిండిన పాలు ఎవరు తాగుతారు? ఇద్దరు అప్పుడే అడిగారు.

ఇట్లు,
ఇష్టం లేకుండా మీకు ముందింటివాడైన పెంటయ్య

తా.క.: ఎల్లమ్మ చెప్పేది: "అమ్మా, ఆ బొక్క ఎంత పెద్దగుంటది? మా తాన కుక్క ఉన్నది. తర్వాత మమ్ముల అంటే ఊకోం. ముందే చెప్తున్న."

*

బహదూర్‌పురా,
ఫిబ్రవరి 10

పెంటయ్య గారికి,

నమస్కారం. ముందు కుక్క సంగతి. అది బియ్యపు గింజంత ఎముక. విశ్వాసం కోసం ప్రాణమిచ్చిన ఒక పుణ్యాత్ముడిది. చిన్న పెట్టెలో పెట్టి, బలిపీఠం రాతిలో దించి, పైన మైనం కరిగించి పోసి మూసేస్తారు. మీ కుక్కకు సుత్తి, ఉలి ఉంటే తప్ప అందదు. సమాధి కాదు. పాలు తాగేవాళ్లకు ఈ ఉత్తరం చూపించండి.

కాగితం సంగతి. నేను సెక్రటరీని, అంటే ఉత్తరాలు రాసే మనిషిని. కమిటీలో ఏడుగురం. మిగతా ఆరుగురూ సంతకాల వైపే ఉన్నారు. చెడ్డవాళ్లు కారు. పదకొండేళ్లు అవమానపడి ఒక తలుపు సంపాదించుకున్నారు, దాని ముందు అంతా శుభ్రంగా, అందంగా ఉండాలని ఆశ. నాది ఒక్క ఓటు. ఏడింట్లో ఒకటి ఎంతో మీకు తెలుసు. ఆ రోజు మీటింగులో నేను గట్టిగా మాట్లాడాను, ఎవరూ వినలేదు. ఇంటికి వచ్చి గిన్నెలు తోముతూ ఇంకా గట్టిగా మాట్లాడాను.

ప్రతిష్ఠ సెప్టెంబర్ 21, శనివారం పొద్దున. మా బిషప్ గారు చాలా దూరం నుంచి వస్తున్నారు. ఆయనకు తెలుగు రాదు. మీరు ఏదైనా అడిగి తెలుసుకునే మనిషి కాబట్టి ఏం జరుగుతుందో రాస్తాను. అందరం మందిరం నుంచి బయటికి వచ్చేస్తాం. లోపల ఒక్క మనిషే ఉండి గడియ వేసుకుంటాడు. బిషప్ గారు ఆ పెట్టెను తల మీద పెట్టుకుని మందిరం చుట్టూ మూడుసార్లు తిరిగి, మూసిన తలుపు ముందు నిలబడి చేతికర్రతో కొడతారు. మహిమగల రాజు వస్తున్నాడు, తెరవండి అంటారు. లోపలి మనిషి ఎవరా రాజు అని అడుగుతాడు. బయటినుంచి సరైన జవాబు వచ్చాకే తలుపు తెరుస్తాడు. బిషప్ గారైనా సరే, జవాబు చెప్పందే లోపలికి రాకూడదు. మా పాటగాడు వంశీధర్ లోపల ఉంటాడు, గొంతు బాగుంటుంది.

ఇట్లు,
షారోన్

తా.క.: మీరు ఇంకెవరి నోటో వింటే బాధపడతారు, నేనే చెబుతాను. మాకు ఉపవాసాలు ఎక్కువ. సంవత్సరంలో దాదాపు సగం రోజులు పాలు ముట్టం.

*

జహనుమా,
ఆగస్టు 30

సెక్రటరీ అమ్మగారికి,

పెంటయ్య నమస్కారాలు. సగం సంవత్సరం పాలు ముట్టని ఇరవై ఆరు కుటుంబాలను దేవుడు ఏరికోరి నా గేటుకు ఎదురుగా దించాడు. నా జాతకం అలాంటిది. దాని గురించి ఇక మాట్లాడను.

మందిరం మీద గుమ్మటం లేచింది. నిజం చెప్పాలంటే బాగుంది. కోపంతోనే రోజూ చూస్తున్నాను, కానీ చూస్తున్నాను. సాయంత్రం ఎండ సరిగ్గా మీ తలుపు మీద పడుతుంది. పిడకలకు ఎంత మంచి గోడ పోయిందో అనుకుంటాను, మళ్లీ తలుపుకు కూడా బాగానే ఉంది అనుకుంటాను.

ఆ మూసిన తలుపు సంగతి ఎల్లమ్మకు చదివి వినిపించాను. అది మాకు కొత్తేమీ కాదు. పెళ్లయ్యాక కొత్తకోడలు గడప తొక్కేటప్పుడు ఆడబిడ్డ తలుపుకు అడ్డం నిలబడుతుంది. పేర్లు చెప్పమంటుంది. పేర్లు చెబితే సరిపోదు, నీకు బిడ్డ పుడితే నా కొడుక్కిస్తావా అని మాట తీసుకుంటుంది. ఆ తర్వాతే తప్పుకుంటుంది. మీవాళ్లు మా దగ్గర నేర్చుకున్నారో, మేం మీ దగ్గర నేర్చుకున్నామో గాని పద్ధతి మంచిది.

మా షెడ్డు సంగతి అంత మంచిగా లేదు. సంతకాల కాగితం పూర్తయిందట. ప్రతిష్ఠ అయ్యాక సోమవారమే పై ఆఫీసులో ఇస్తారట. పెద్ద బర్రెను అమ్మేద్దామా అని రాత్రి ఎల్లమ్మను అడిగాను. ఆమె నాతో రెండు రోజులు మాట్లాడలేదు. బర్రెతో మాత్రం మాట్లాడింది.

ఇట్లు,
ఇంకా కొన్నాళ్లు మాత్రమే మీ ముందింటి పెంటయ్య

తా.క.: ఎల్లమ్మ: "అమ్మా, ఊకె పేరు అడిగి తలుపు తీసుడేంది? నా పెండ్లిల మా ఆడబిడ్డ గంటసేపు ఆపింది, మాట తీస్కునే ఇడిచిపెట్టింది. లోపటున్నోని చేతుల గడియ ఉన్నంకనే ఎవరన్న మాటిస్తరు. తీసినంక ఎవడు ఇంటడు? మీ పాటగానికి జెర సమజ్ చెయ్యుండ్రి."

*

బహదూర్‌పురా,
సెప్టెంబర్ 17

పెంటయ్య గారికి,

నమస్కారం. పని తొందరలో రాస్తున్నాను. సాంబ్రాణి కోసం తెచ్చిన బొగ్గు వానకు తడిసింది, అంటుకోవడం లేదు. శనివారం పొద్దున ఏడింటికి ఎల్లమ్మ గారు ఒక మూకుడులో పిడకల నిప్పు తెచ్చి, తలుపు పక్కన లోపలే ఉండి, ఆరిపోకుండా విసురుతూ ఉంటే పెద్ద సాయం. మీరు బర్రెల దగ్గర ఉండండి. ఆ రోజు పదింటి దాకా అవి గేటు దాటకపోతే సంతోషం.

ఇట్లు,
షారోన్

తా.క.: పెద్ద బర్రెను శనివారం దాకా అమ్మకండి.

*

జహనుమా,
సెప్టెంబర్ 22

సెక్రటరీ అమ్మగారి పాదాలకు,

పెంటయ్య సాష్టాంగపడి రాసుకునే క్షమాపణ.

మేం కావాలని చేయలేదు. నా పదకొండు బర్రెల మీద ఒట్టు. నేను షెడ్డు కప్పు ఎక్కి చూస్తున్నాను. మీరంతా పాడుకుంటూ బయటికి వచ్చారు. ఎల్లమ్మ రాలేదు. నిప్పు దగ్గర ఉండమన్నారు కదా, ఉండిపోయింది. తలుపు మూసుకుంది, గడియ పడిన చప్పుడు కూడా విన్నాను. మీ పాటగాడు లోపల ఉన్నాడు కదా అని నేను నిమ్మళంగా ఉన్నాను. మీరు మూడుసార్లు తిరిగి తలుపు ముందు నిలబడ్డాక చూస్తే ఆ పాటగాడు సిలువ పట్టుకుని బయట నిలబడి ఉన్నాడు!

బిషప్ గారు కర్రతో తలుపు కొట్టారు. గడ్డం ఫాదర్ తెలుగులో చెప్పాడు. "తలుపులు తెరవండి, మహిమగల రాజు వస్తున్నాడు."

లోపలినుంచి చప్పుడు లేదు. మళ్లీ కొట్టారు. అప్పుడు వినబడింది మా ఇంటిదాని గొంతు.

"ఏ రాజు? పేరు చెప్పుండ్రి."

ఫాదర్ ఒక్క క్షణం తడబడి "దేవుడమ్మా" అన్నాడు.

"దేవుడైతే రానియ్యుండ్రి, నేనెందుకు అడ్డమొస్త? ఆయన ఎనకాల వచ్చెటోళ్లు ఎవరెవరు?"

నిఖిలేష్ సారు ముందుకు వచ్చి "ఎవరు లోపల? ముందు తలుపు తియ్యండి" అని అరిచాడు.

"గొంతు గుర్తువట్టిన. కారు సారే కదా! మంచిగ దొరికినవ్. మా బర్రెలను గల్లీలకెల్లి ఎల్లగొట్టనని మాటియ్యి సారూ, గడియ తీస్త."

చాయ్ హోటల్ భాయ్ గ్లాసు పట్టుకుని అలాగే ఉండిపోయాడు. తల మీద పెట్టెతో బిషప్ గారు మీ వైపు తిరిగారు. మీరు ఇంగ్లీషులో ఏదో చెప్పారు. ఆయన ఏదో అడిగారు. తర్వాత నిఖిలేష్ సారు వైపు చూసి రెండే మాటలు అన్నారు. సారు ముఖం ఎర్రబడింది, ఆ తర్వాత తెల్లబడింది. చివరికి తలుపు దగ్గరికి వచ్చి "సరే, ఇస్తున్నాను" అన్నాడు.

"గట్టిగ చెప్పు సారూ. మా ఆయన కప్పు మీదున్నడు, గాయనకు గూడ ఇనవడాలె."

సారు గట్టిగా చెప్పాడు. నాకు వినబడింది. అమ్మా, కప్పు మీద కూర్చుని నేను ఏడ్చాను. ఏడుస్తూనే, ఇంత పెద్ద పూజను మా ఇంటిది పాడు చేసిందే అని భయపడ్డాను. పదకొండేళ్లు మీరు ఎదురుచూసిన రోజు. మాట వెనక్కి తీసుకున్నా నేను ఏమీ అనను, అది మామూలుగా ఇచ్చిన మాట కాదు కదా. ఆ ప్రతిష్ఠ చెల్లుతుందా? మళ్లీ చేయాల్సి వస్తుందా? ఆ ఒక్కటి తెలియక నాకు నిద్ర పట్టడం లేదు.

ఇట్లు,
తలెత్తుకోలేని పెంటయ్య

తా.క.: ఎల్లమ్మ తన తప్పేం లేదంటోంది. "పాటగాడు రాకపాయె, ఎవరో ఒకరు అడగాలె కదా. ఉత్తరంల ఉన్నట్టే పేరు అడిగిన. మిగిలింది మా ఆడబిడ్డ నేర్పింది."

*

బహదూర్‌పురా,
సెప్టెంబర్ 25

మా ముందింటి పెంటయ్య గారికి,

నమస్కారం. ప్రతిష్ఠ చెల్లింది. బిషప్ గారిని నేనే అడిగాను. ఆయన మందిరాలు చాలా ప్రతిష్ఠించారట. లోపలి మనిషి ప్రశ్నను అంత శ్రద్ధగా అడగడం మాత్రం ఇదే మొదటిసారట.

ఇప్పుడు నేను చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి. మా బొగ్గు తడవలేదు. రెండు పెట్టెలు పొడిపొడిగా అలమరలోనే ఉన్నాయి. వంశీధర్ బయట ఉండటం కూడా పొరపాటు కాదు. సిలువ మోసే మనిషి రాలేదని చెప్పి నేనే అతన్ని బయటికి పంపాను. నీ బదులు లోపల ఇంకొకరు ఉన్నారు అన్నాను. అది అబద్ధం కాదు. గడియ వేసింది ఎల్లమ్మే. వెయ్యమని ఆమె చెవిలో చెప్పింది నేను. ఇంకేమీ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం లేదని ఆగస్టు ఉత్తరంలోనే తెలిసింది.

బిషప్ గారు నన్ను అడిగింది, లోపలామె ఏమంటోంది అని. ఈ గడప ముందు బతికేవాళ్లను వెళ్లగొట్టం అని మాటిస్తే తెరుస్తానంటోంది అన్నాను. బర్రెల పేరెత్తలేదు. వెళ్లగొట్టాలనుకున్నది ఎవరు అని అడిగారు. నేను నిఖిలేష్ గారి వైపు చూశాను. ఆయనతో బిషప్ గారు అన్న రెండు మాటలు "జవాబు చెప్పు" అని. బర్రెల సంగతి సాయంత్రం చెప్పాను, మీ ఇంటి పెరుగు తింటుండగా. ఇంకో గిన్నె అడిగారు.

ఏడింట్లో ఒక్క ఓటుతో గెలవలేను. మూడుచోట్ల మమ్మల్ని ఖాళీ చేయించారు పెంటయ్య గారూ. తాళం మార్చిన రోజు మెట్ల మీద సామాను పెట్టుకుని కూర్చున్నాం. మా సొంత తలుపు తెరుచుకున్న మొదటి రోజే మేం ఇంకొకరిని వెళ్లగొడితే ఆ మెట్ల మీద నేర్చుకున్నదేమిటి? అందుకే చేశాను. నిన్న కమిటీ కూర్చుంది. సంతకాల కాగితాన్ని నిఖిలేష్ గారే చించేశారు. మీకు నోటిమాట మీద నమ్మకం లేదు కాబట్టి ఏడుగురు సంతకం చేసిన కాగితం దీంతో పంపుతున్నాను. దాచుకోండి.

ఇట్లు,
మీ ముందింటి షారోన్

తా.క.: తడిసిన బొగ్గు గురించి ఫాదర్ గారి దగ్గర ఒప్పుకున్నాను. ఆయన చాలాసేపు గడ్డం నిమురుకుని, ప్రాయశ్చిత్తంగా నలభై రోజులు ఎల్లమ్మ దగ్గర పిడకలు కొట్టడం నేర్చుకోమన్నారు. నవ్వుతూ అన్నారో, నిజంగానే అన్నారో ఆ గడ్డంలో తెలియలేదు. సోమవారం పొద్దున వస్తాను. మా దక్షిణం గోడకు ఇంకా సున్నం వేయించలేదని ఎల్లమ్మకు చెప్పండి.